ఎడమచేతి చక్రం – సింథసైజర్ స్వరం వంగడం నేర్చిన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. పెన్షన్ సవరణ గురించీ, మెడికల్ కార్డుల గురించీ వ్రాయడానికి సంఘంలో నాకంటె తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుచేత నేను కాస్త పక్కదారి పడుతున్నాను. మిత్రులు మన్నించాలి.

పోయిన వేసవి సెలవులకు మా అమ్మాయి కూతురు వచ్చింది. వస్తూ తన కీబోర్డు తెచ్చుకుంది. అది హాల్లో బల్లమీద పెట్టి వాయిస్తుంటే నేను పేపరు చదువుకుంటూ వింటున్నాను. మెట్లకు ఎడమ పక్కన, సగం లోపలికి దిగి ఉన్న చిన్న చక్రం ఒకటి నా కంటబడింది. "ఇదేమిటమ్మా?" అని అడిగితే, "పిచ్ బెండు తాతయ్యా, మా సార్ దాన్ని ముట్టుకోవద్దన్నారు" అంది. ముట్టుకోవద్దన్న వస్తువును తయారు చేసినవాడు అక్కడ ఎందుకు పెట్టాడు? నలభై ఏళ్ళు టెలిఫోను శాఖలో పనిచేసినవాణ్ణి, ఏ పరికరం మీదైనా పని లేని మీట ఉండదని నాకు తెలుసు. ఆ చక్రం చరిత్ర వెదుక్కుంటూ పోతే, అది నన్ను మా నాన్నగారి హార్మణీ దాకా తీసుకుపోయింది.

మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మణీ వాయించేవారు. కుడిచేతి వేళ్ళు మెట్లమీద పరుగెడుతుంటే ఎడమచెయ్యి వెనుక తిత్తిని ఒత్తుతూ ఉండేది. పద్యం చివర నటుడు రాగం తీసేటప్పుడు ఆ తిత్తి ఒత్తిడిలోనే స్వరం పెంచేవారు, తగ్గించేవారు. అయితే మా వీధిలోనే ఉన్న వీణ పంతులు గారు మాత్రం, "పెట్టె పెట్టేనయ్యా, దానికి గమకం ఎక్కడిది?" అనేవారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. హార్మణీలో ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య గోడ ఉంది. రిషభం నుంచి గాంధారానికి దూకవలసిందే గాని జారడానికి వీలు లేదు. మన సంగీతం ప్రాణమంతా ఆ జారుడులోనూ, ఊపులోనూ ఉందాయె.

ఈ వాదం మా వీధికే పరిమితం కాదు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ అనే ఆంగ్లేయుడు 1938లో హార్మణీని దుయ్యబడుతూ వ్యాసం వ్రాశాడు. 1940 మార్చి 1 నుంచి ఆల్ ఇండియా రేడియో హార్మణీని నిషేధించింది. రవీంద్రనాథ ఠాగూరు కూడా ఆ నిషేధాన్ని హర్షించినవారే. అది పాక్షికంగానైనా సడలింది 1971లో. అంటే ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక వాద్యం, స్వరాన్ని వంచలేకపోయిన నేరానికి, రేడియో గుమ్మం బయట నిలబడింది. మా నాన్నగారు రేడియోకు ఎన్నడూ వెళ్ళలేదు, వెళ్ళాలనీ అనుకోలేదు. కాని ఆ నిషేధం సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేవారు.

ఇక విదేశాల సంగతి. కరెంటుతో స్వరం పుట్టించవచ్చని తెలిసిన తొలినాళ్ళలోనే, ఆ స్వరాన్ని వాయిస్తుండగానే ఎలా లొంగదీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. రష్యాలో లెవ్ తెర్మెన్ అనే యువ శాస్త్రజ్ఞుడు 1920లో పెట్రోగ్రాడ్ ప్రయోగశాలలో ఒక విచిత్ర వాద్యం తయారు చేశాడు. పాత వాల్వు రేడియో తిప్పేటప్పుడు స్టేషన్ల మధ్య "కుయ్య్" మని ఒక ఈల వినపడేది, జ్ఞాపకం ఉందా? రెండు రేడియో తరంగాలు దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లో కలిస్తే వాటి తేడా మన చెవికి ఈలగా వినిపిస్తుంది. తెర్మెన్ ఆ ఈలనే సంగీతం చేశాడు. పెట్టెకు కుడివైపు నిలువు కడ్డీ, ఎడమవైపు వంపు తిరిగిన తీగ. కుడిచెయ్యి కడ్డీకి దగ్గరైతే స్వరం హెచ్చుతుంది. ఎడమచెయ్యి తీగకు దగ్గరైతే ధ్వని తగ్గుతుంది. వాయించేవాడు దేన్నీ తాకడు. 1922లో లెనిన్‌కు కూడా దీన్ని ప్రదర్శించి చూపాడు. థెరెమిన్ అని పేరొచ్చిన ఆ వాద్యాన్ని అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ 1929లో అమ్మకానికి పెట్టింది. తయారైనవి అయిదువందల దాకానే. కారణం సులభం: మెట్లు లేవు, తీగ లేదు, చేతికి ఆనవాలు లేదు, గాలిలో చెవి ఒక్కటే దిక్కు. క్లారా రాక్‌మోర్ అనే ఆవిడ మాత్రం దాన్ని వశం చేసుకుంది. చిన్ననాడే వయొలిన్‌లో పేరు తెచ్చుకుని, చేతి బాధవల్ల దాన్ని విడిచిపెట్టవలసి వచ్చిన మనిషి. గాలిలో వేళ్ళు ముడిచి విప్పుతూ స్వరస్థానాలు పట్టే పద్ధతి ఒకటి తనే కల్పించుకుంది.

(తెర్మెన్ తరువాతి కథ మన శాఖవాళ్ళకు మరింత ఆసక్తి. 1938లో స్వదేశం వెళ్ళి నిర్బంధంలో పడ్డాడు. అక్కడ ప్రభుత్వం కోసం తయారు చేసిన ఒక రహస్య శ్రవణ పరికరం, కొయ్య చిహ్నంలో దాగి, 1945 నుంచి మాస్కోలోని అమెరికా రాయబారి గదిలో ఉంది. 1952 దాకా ఎవరికీ తెలియలేదు. దానికి బ్యాటరీ లేదు, వైరు లేదు.)

రెండవవాడు ఫ్రాన్సు దేశస్థుడు మోరిస్ మార్తనో. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరు, అంటే ఒకరకంగా మన కులంవాడే. 1928లో పారిస్‌లో తన వాద్యాన్ని వినిపించాడు. దాని పేరు ఓంద్ మార్తనో. ఒక తీగకు ఉంగరం కట్టి, దాన్ని కుడి వేలికి తొడిగి జరుపుతుంటే స్వరం జారుతుంది. తరువాత మెట్లపలక కూడా చేర్చాడు. ఆ మెట్లను కూడా అటూ ఇటూ కదిపితే స్వరం కంపించే ఏర్పాటు ఉంది. అసలు కీలకం ఎడమచేతి కింద ఉన్న ఒక చిన్న మీట. అది నొక్కితే తప్ప శబ్దం రాదు. ఎంత లోతుగా నొక్కితే అంత గట్టిగా వస్తుంది. దాని అడుగున, కరెంటును పోనిచ్చే పొడి నింపిన చిన్న తోలుసంచి ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పొడి దగ్గరపడి నిరోధం తగ్గుతుంది. ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. మన పాత టెలిఫోను మౌత్‌పీసులోని కార్బన్ గుళికల సూత్రమే కదా! మన గొంతు ఒత్తిడికి గుళికలు నలిగినట్లు, అక్కడ వేలి ఒత్తిడికి పొడి నలుగుతుంది. మెస్సియాన్ అనే ఫ్రెంచి స్వరకర్త 1949లో తొలిసారి వినిపించిన తన పెద్ద సింఫనీలో ఈ వాద్యానికి ముఖ్యస్థానం ఇచ్చాడు. ఆ సింఫనీ పేరు తురంగలీల, అచ్చంగా మన సంస్కృత పదమే.

మూడవ మనిషి పేరు చాలామందికి తెలియదు. కెనడాలో హ్యూ లెకేన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1945 మొదలుకొని 1948 దాకా శ్రమపడి ఎలక్ట్రానిక్ సాక్‌బట్ అనే వాద్యం కట్టాడు. మెట్టును గట్టిగా ఒత్తితే ధ్వని హెచ్చు, పక్కకు తోస్తే స్వరం వంగుతుంది, ఎడమచేతి వేళ్ళ కింది పరికరాలతో ధ్వని రంగు మారుతుంది. ఈనాడు లక్షలు పోసి కొనే వాద్యాల్లోని ఊహ దాదాపు అంతా ఆ ఒక్క పెట్టెలో ఉంది. అది దుకాణానికి రాలేదు. పదవీ విరమణ సభలో శాలువా కూడా దక్కని ఉద్యోగులు మన శాఖలోనూ కొందరు లేకపోలేదు. లెకేన్‌ను చూస్తే వాళ్ళే గుర్తుకొస్తారు.

ఇక అందరూ విన్న పేరు, రాబర్ట్ మూగ్. పదిహేను పదహారేళ్ళ కుర్రవాడిగా ఉన్నప్పటినుంచీ థెరెమిన్‌లు కట్టినవాడు. 1964లో హెర్బర్ట్ డ్యూష్ అనే సంగీతజ్ఞుడి సహకారంతో తొలి మూగ్ సింథసైజర్ తయారు చేశాడు. దాని ఫొటో చూసిన మొదటిసారి నేను కుర్చీలోంచి లేచాను. నిలువెత్తు బీరువాలాంటి బోర్డు, దాని నిండా జాకులు, ఒక జాకు నుంచి మరొక జాకుకు వేలాడే కార్డులు. మన ట్రంకు బోర్డే! ట్రంకు ఆపరేటర్లుగా చేసిన సోదరీమణులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ జాకూ ప్లగ్గూ నిజంగానే టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి సంగీతానికి వెళ్ళినవే.

ఆ కార్డుల్లో పోయేది ఏమిటన్నదే అసలు విషయం. మూగ్ పద్ధతిలో స్వరస్థాయిని వోల్టేజి నిర్ణయిస్తుంది. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి, అంటే కింది షడ్జం నుంచి పై షడ్జానికి వెళుతుంది. స్థాయిలో పన్నెండు మెట్లు గనుక ఒక్కో మెట్టుకు వోల్టులో పన్నెండవ వంతు. మెట్టు నొక్కితే ఆ మెట్టుకు తగిన వోల్టేజి వస్తుంది. దానికి మరొకచోటి నుంచి కొంచెం వోల్టేజి కలిపితే? స్వరం ఆ మేరకు మెట్టును వదిలి పైకి వంగుతుంది. తీసివేస్తే కిందికి వంగుతుంది. హార్మణీలో మెట్ల మధ్య నిలిచిన గోడ ఇక్కడ లేదు. ఉన్నదల్లా వోల్టేజి. అది ఎంత చిన్న భాగానికైనా తెగుతుంది.

అయితే కూడవలసిన ఆ కొంచెం వోల్టేజిని వాయించేవాడి చేతికి ఎలా అందించాలి? బీరువా సైజు యంత్రంలో పాట మధ్య గుబ్బ తిప్పడం సులభం కాదు. 1970లో మూగ్ కంపెనీ మినీమూగ్ అనే చిన్న వాద్యాన్ని విడుదల చేసింది. దాని తొలి నమూనాను కంపెనీలోని బిల్ హెమ్‌సాత్ అనే ఇంజనీరు పనికిరాని పాత భాగాలు ఏరి కూర్చాడట. మెట్లకు ఎడమపక్క రెండు చక్రాలు పెట్టారు. ఒకటి స్వరాన్ని వంచేది, రెండవది కంపనం కలిపేది. కుడిచెయ్యి వాయిస్తుంటే ఎడమచెయ్యి వంచుతుంది. వంచే చక్రానికి నడిమధ్య చిన్న గాడి ఉంటుంది, అక్కడికి రాగానే సరైన స్వరానికి చేరినట్లు వేలికి తెలుస్తుంది. తరువాత వచ్చిన చాలా కీబోర్డుల్లో ఆ చక్రానికి స్ప్రింగు కట్టారు, వదిలితే దానంతట అదే మధ్యకు వస్తుంది. కంపనం చక్రం మాత్రం పెట్టినచోటే నిలుస్తుంది. జపాన్‌లో రోలండ్ కంపెనీ చక్రాలకు బదులు ఒక్క మీట పెట్టింది: పక్కకు తోస్తే వంపు, ముందుకు తోస్తే కంపనం.

ఈ చక్రంతో ఏం చేయవచ్చో లోకానికి చూపినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు యాన్ హామర్, ప్రేగ్ నగరంవాడు. 1971లో జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించినప్పుడు అందులో కీబోర్డు అతనిదే. అతని మినీమూగ్ వింటే కళ్ళు మూసుకున్నవాడికి అది మెట్ల వాద్యమని తెలియదు, గిటారు తీగ లాగుతున్నారనే అనుకుంటాడు. ఆ మెక్‌లాఫ్లినే తరువాత మన సంగీత విద్వాంసులతో శక్తి బృందం కట్టినవాడు.

మన దేశంలో ఈ కథ ఇంకా ముందే మొదలైంది. 1954లో వచ్చిన హిందీ నాగిన్ సినిమా చూడనివాళ్ళు మన తరంలో అరుదు. అందులో పాము ఆడిన బూర పాములవాడిది కాదు! క్లేవియొలిన్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ వాద్యం. వాయించినవారు తరువాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీ జంటలో ఒకరైన కల్యాణ్‌జీ. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. క్లేవియొలిన్‌కు మోకాలితో తోసే మీట ఒకటి ఉండేది, ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ. ఎన్ని పెళ్ళి బ్యాండ్లు ఆ వరస వాయించాయో లెక్కలేదు. 1969లో అహమ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పాడు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ మూడు రోలండ్ యంత్రాలు పక్కపక్కన పెట్టుకుని, డిస్కో తాళం మీద పది రాగాలు రికార్డు చేశాడు. వాటిలో ఒక చిన్న యంత్రానికి స్వరం నుంచి స్వరానికి జారే గుణం ఉంది. పాశ్చాత్యులు బేస్ గిటారుకు బదులుగా తయారు చేసిన ఆ యంత్రంలో ఆయనకు రాగం వినపడింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక విదేశాల్లో పిలిచి కచేరీలు చేయించారు. 2015లో కాలం చేశాడు.

1977 ప్రాంతంలో వచ్చిన యమహా సి.ఎస్.80 గురించి రెండు మాటలు. బరువు సుమారు వంద కిలోలు, ఎత్తడానికి నలుగురు కావాలి. కాని మెట్టు నొక్కిన తరువాత ఇంకా లోతుగా ఒత్తితే, ఏ వేలు ఒత్తిందో ఆ స్వరం మాత్రమే మారుతుంది. పక్క వేళ్ళ స్వరాలు చెక్కు చెదరవు. 1982 నాటి బ్లేడ్ రన్నర్ సినిమాకు గ్రీసు దేశస్థుడు వాంగెలిస్ సమకూర్చిన సంగీతంలో ఆ వేలి ఒత్తిడి వినబడుతూనే ఉంటుంది.

ఒక కంపెనీ వాద్యం మాట మరొక కంపెనీ వాద్యానికి తెలియని రోజులవి. జపాన్‌లో రోలండ్ అధినేత ఇకుతారో కకెహాషి, అమెరికాలో డేవ్ స్మిత్, మరికొన్ని కంపెనీలవాళ్ళు కలిసి ఒక ఉమ్మడి భాష కల్పించారు. దాని పేరు మిడి. 1983 జనవరిలో ఒక ప్రదర్శనలో ఇద్దరి వాద్యాలనూ ఒక కేబులుతో కలిపితే అవి మాట్లాడుకున్నాయి. ఇందులో మన టెలిప్రింటరు మిత్రులకు చాలా పరిచయమైన సంగతి ఉంది. ముందు ఒక స్టార్టు సంకేతం, తరువాత అక్షరం, చివర స్టాపు సంకేతం – అదే పద్ధతి! మన టెలెక్సు 50 బాడ్ వేగంతో నడిచేది, మిడి 31,250 బాడ్. మెట్టు నొక్కిన కబురు అవతలికి చేరడానికి సుమారు ఒక మిల్లీసెకండు.

మిడిలో మీటలకు, పెడళ్ళకు నంబర్లు ఇచ్చారు. 1 కంపనం చక్రం, 2 ఊపిరి గొట్టం, 7 ధ్వని, 64 పెడలు. అదే 1983లో వచ్చిన యమహా డి.ఎక్స్.7కు నోట్లో పెట్టుకుని ఊదే చిన్న గొట్టం కూడా దొరికేది, వేళ్ళు మెట్లమీద ఉండగా ఊపిరితో స్వరాన్ని పెంచవచ్చు. వీటన్నింటికీ 0 నుంచి 127 దాకా 128 అంచెలు చాలుననుకున్నారు. కాని స్వరాన్ని వంచే చక్రానికి మాత్రం 128 చాలవని గ్రహించి 16,384 అంచెలు కేటాయించారు. స్వరం జారేటప్పుడు మెట్లు మెట్లుగా వినబడితే చెవి క్షమించదు. వీణ పంతులు గారి అభ్యంతరం ఆ అంకెలో ఉందని నా నమ్మకం.

ఒక లోపం మాత్రం మిగిలింది. మిడి చక్రం ఒక చానెల్లోని స్వరాలన్నిటినీ కట్టగట్టి వంచుతుంది. మూడు మెట్లు నొక్కి ఒక్కదాన్నే వంచుదామంటే కుదరదు. లెకేన్, సి.ఎస్.80 చూపిన దారికి మళ్ళీ రావడానికి చాలా కాలం పట్టింది. 2018లో ఒక్కో స్వరానికి ఒక్కో చానెలు ఇచ్చే పద్ధతిని ఆమోదించారు. 2020లో వచ్చిన మిడి రెండవ రూపంలో స్వరానికి విడిగా వంపు పుట్టుకతోనే ఉంది. ఈ మధ్యలో అమెరికాలో లిపోల్డ్ హేకెన్ అనే ఆయన మెట్లే లేని మెత్తని పలక వాద్యం చేశాడు, కంటిన్యుయమ్ అని. వేలు ఎక్కడ పెడితే అక్కడి స్వరం, జరిపితే జారుతుంది. 2009 నాటి ఢిల్లీ-6 సినిమాలో ఒక పాట చివర ఎ.ఆర్. రెహమాన్ దాన్ని వాయించారు. చెన్నైలో కె. సత్యనారాయణన్ మామూలు కీబోర్డు మీదే, ఆ చక్రం ఆసరాతో, కర్ణాటక కచేరీలు చేసి చూపారు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) సింథసైజర్ మనిషి కాకపోయినా ఆయన్ని తలచుకోక తప్పదు. గమకం పలకదన్న వాద్యంతోనే గమకం పలికించాడు.

మళ్ళీ మా హాల్లోకి వస్తాను. మా ఆవిడ పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకుంది. నాలుగేళ్ళుగా వేళ్ళ కణుపులు వాచి, తీగ లాగడం ఆమె వల్ల కావడం లేదు. వీణ గుడ్డ కప్పుకుని మూలన ఉంది. నేనిదంతా చెబుతుంటే విని, "తోడిలో గాంధారం పలికించమను చూద్దాం మీ పెట్టెను" అంది. తోడి గాంధారం నిలబెట్టి వాయించే స్వరం కాదు. కింద శుద్ధ రిషభం దాకా, పైన శుద్ధ మధ్యమం దాకా ఊగుతూ ఉండాలి. మనవరాలు గాంధారం మెట్టు ఒక్కటే నొక్కింది. "ఇది తోడి కాదమ్మడూ, ఇది ఈల" అంది వాళ్ళ అమ్మమ్మ.

అప్పుడు నాకు ఒక లెక్క తట్టింది. కీబోర్డు కొన్నప్పుడు చక్రం సాధారణంగా రెండు అరస్వరాలు పైకీ, రెండు కిందికీ వంగేటట్లు అమర్చి ఉంటుంది. సాధారణ గాంధారం నుంచి రెండు అరస్వరాలు దిగితే శుద్ధ రిషభం, రెండు ఎక్కితే శుద్ధ మధ్యమం. తోడి గాంధారం ఊగే ఉయ్యాలకు సరిగ్గా అంతే కొలత! జపాన్‌లోనో అమెరికాలోనో ఆ కొలత పెట్టినవాళ్ళకు తోడి పేరు కూడా తెలిసి ఉండదు.

మా ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుంది. కుడిచేతి చూపుడు వేలు గాంధారం మీద, ఎడమచేతి బొటనవేలు చక్రం మీద. తీగ లాగినంత బలం అక్కర్లేదు, చక్రం తేలికగానే తిరుగుతుంది. మొదట రెండుసార్లు స్వరం తప్పతాగినవాడిలా తూలింది. మనవరాలు నవ్వింది. చక్రం మరీ త్వరగా మధ్యకు లాగుతోందని విసుక్కుంది మా ఆవిడ. ఆ సాయంత్రం వంటకు ఆలస్యమైంది. ఎనిమిది దాటాక, నేను వరండాలో ఉండగా, లోపలినుంచి తోడి వినబడింది. అక్కడక్కడా తూలుతూనే ఉంది గాని, తోడే.

సెలవులు అయిపోయి మనవరాలు వెళుతూ కీబోర్డు ఇక్కడే వదిలిపెట్టింది. వాళ్ళ సార్‌కు ఏం చెప్పిందో నాకు తెలియదు. నాన్నగారి హార్మణీ అటకమీద ఉంది. తిత్తికి ఎలుక కొట్టింది. దాన్ని బాగుచేసేవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే సంఘం కార్యాలయానికి ఒక కార్డు వ్రాయగలరు.